పొట్లంలో ఏముందో ముందు తెలియాలి

డాక్టరు గారూ, నాకు 49 ఏళ్లు. నెలసరి ఆగి ఏడు నెలలైంది. ఉన్నట్టుండి గుండెల దగ్గర మొదలై మొహం దాకా ఆవిర్లు కమ్ముకొస్తాయి, జాకెట్టు తడిసిపోతుంది. అన్నం తిన్నాక మరీ ఎక్కువ. అర్ధరాత్రి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. చాలా ఏళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. మా తోడికోడలు ఎవరి దగ్గరో పొడి తెప్పించి ఇస్తే నెల నుంచి పాలల్లో కలుపుకొని తాగుతున్నాను. అమెరికా నుంచి మా అమ్మాయి బ్లాక్ కోహోష్ మాత్రలు పంపింది. రెండూ కలిపి వాడొచ్చా? మూలికలే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవంటున్నారు.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

అమ్మా, రెండూ కలిపి వాడొద్దు. ఆ పొడి అయితే ఇవాళే ఆపేయండి. నేను ఆయుర్వేదం చదువుకుని, విజయవాడ సత్యనారాయణపురంలో అదే వైద్యం చేస్తున్నదాన్ని. మూలికల మీద నమ్మకం ఉంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. కాగితంలో చుట్టిన పొట్లాలు ఎందరో తెచ్చి నా బల్ల మీద పెడతారు. దాని మీద పేరుండదు, తేదీ ఉండదు, లైసెన్స్ నంబరూ ఉండదు. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపినవీ, సీసం, పాదరసం ఉన్నవీ పరీక్షల్లో బయటపడ్డాయి. మేలు చేసే శక్తి ఉన్న మూలికకి కీడు చేసే శక్తీ ఉంటుంది.

మీ ఉత్తరం చదవగానే నాకు థైరాయిడ్ మీదికే దృష్టి పోయింది. ఆడవాళ్ల కోసం అమ్మే పొడుల్లో అశ్వగంధ, అదే మన పెన్నేరు గడ్డ, తరచూ ఉంటుంది. ఆందోళనకీ నిద్రకీ మంచి మందే. కానీ అది థైరాయిడ్ హార్మోన్‌ని పెంచగలదు. ఇప్పటికే మాత్ర వేసుకుంటున్న మనిషికి మోతాదు ఎక్కువైనట్టవుతుంది. అప్పుడు వచ్చేవి ఏమిటంటే చెమటలు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం! మీరు రాసినవాటిలో ఏది మెనోపాజ్ వల్లో, ఏది థైరాయిడ్ వల్లో నాడి పట్టుకున్నా చెప్పలేను. థైరాయిడ్ ఎలా ఉందో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకుని, పొడి సంగతి కూడా మీ డాక్టరుకి దాచకుండా చెప్పండి.

ఇక బ్లాక్ కోహోష్. అది ఉత్తర అమెరికా అడవుల్లో పెరిగే మొక్క వేరు. వైద్య అధ్యయనాలని కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ వాళ్లు 2012లో 16 అధ్యయనాలు కలిపి చూశారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే ఇది ఆవిర్లని బాగా తగ్గిస్తుందనడానికి ఆధారం చాలదన్నారు. అరుదుగానే అయినా దీన్ని వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. అమ్మాయి ప్రేమగా పంపింది, నిజమే. అయినా పక్కన పెట్టేయండి.

మరి ఏం వాడాలి అంటారా? టీఎస్‌హెచ్ సరిగా ఉంటే శతావరితో మొదలుపెట్టొచ్చు. మన పల్లెల్లో పిల్లి పీచర అంటారు. వేళ్లంత లావున తెల్లటి దుంపలు గుత్తిగా ఉంటాయి. దీని మీద జరిగినవి చిన్న చిన్న అధ్యయనాలే, అద్భుతాలు ఆశించకండి. తెలిసిన ఫార్మసీది, లేబుల్ మీద అన్ని వివరాలూ ఉన్న పొడే కొనండి. 5 గ్రాముల పొడికి 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, సన్నటి సెగ మీద నీరంతా ఇగిరి పాలు మిగిలేదాకా కాచాలి. మా శాస్త్రంలో క్షీరపాకం లెక్క ఇదే. గిన్నె దగ్గరే నిలబడండి, చివర్లో అడుగంటుతుంది. వడకట్టి రాత్రిపూట తాగండి. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకుంటారు కాబట్టి దానికి పాలు అడ్డం రాకూడదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, గర్భసంచిలో గడ్డలున్నవాళ్లు తమ డాక్టరుని అడగకుండా శతావరి ముట్టుకోవద్దు. ఒకసారికి ఒక్క మూలికే వాడండి. నాలుగు కలిపితే దేనివల్ల తగ్గిందో, దేనివల్ల పడలేదో తెలియదు.

అన్నం తిన్నాక ఎక్కువన్నారు కదా. గుంటూరులో ఉండి కారం మానమంటే కోపమొస్తుందని తెలుసు. కానీ చాలామందిలో మిరపకాయా, పొగలు కక్కే కాఫీ ఆవిర్లని రేపుతాయి. రెండు వారాలు గోంగూర పచ్చడీ, ఆవకాయా పక్కనబెట్టి, మజ్జిగన్నంతో సరిపెట్టుకుని చూడండి. ఆవిరి వచ్చిన ప్రతిసారీ గోడ క్యాలెండర్లో ఆ తేదీ గడిలో ఒక గీత గీయండి. గీతలు తగ్గకపోతే కారం జోలికి రాను, హాయిగా తినండి.

ఇన్ని చేసినా నిద్ర లేక ఒళ్లు హూనమవుతుంటే గైనకాలజిస్టుని హార్మోన్ చికిత్స గురించి అడగండి. తీవ్రమైన ఆవిర్లకి దానంత బాగా పనిచేసేది మా వైద్యంలో లేదు, ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. అందరికీ సరిపడదు, ఎవరికి ఇవ్వొచ్చో వాళ్లే చూసి చెబుతారు. అన్నట్టు, నెలసరి రాకుండా వరసగా పన్నెండు నెలలు నిండితేనే మెనోపాజ్ అంటాం. ఏడు నెలలే కాబట్టి గర్భం రాదన్న ధీమా ఇప్పుడే వద్దు.

డాక్టరు గారూ, నాకు 56. నెలసరి ఆగి నాలుగేళ్లయింది. పోయిన వారం రెండు రోజులు కొంచెం ఎర్రగా కనిపించి ఆగిపోయింది. అశోకారిష్టం తాగమంటున్నారు. ఎన్నాళ్లు తాగాలి?
– ఒక పాఠకురాలు, కృష్ణలంక, విజయవాడ

ఒక్క చెంచా కూడా తాగకండి తల్లీ. ఆగిపోయిందని ఊరుకోవద్దు కూడా. నెలసరి పూర్తిగా ఆగాక ఒక్క చుక్క కనిపించినా గైనకాలజిస్టుకి చూపించాల్సిందే. చాలామందికి లోపలి పొర పొడిబారడం లాంటి చిన్న కారణమే ఉంటుంది. కానీ ఇలా కనిపించిన పదిమందిలో సుమారు ఒకరికి గర్భసంచి క్యాన్సర్ బయటపడుతుంది. మొదట్లోనే దొరికితే బాగా నయమవుతుంది. అరిష్టం తాగుతూ కూర్చుంటే ఆ సమయం కాస్తా చేజారుతుంది. స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర మందం చూస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ఈ వారమే వెళ్లండి. బీపీ, షుగర్ మాత్రలు వాడుతుంటే ఆ చీటీలు, రక్తం పలచబడే మాత్రలుంటే వాటి పేర్లూ వెంట తీసుకెళ్లండి.