నాన్నగారి సైకిలుకు కొత్త రంగు వేయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు ఊళ్లో ఉపాధ్యాయుడిగా పనిచేసినన్నాళ్లూ 1950ల నాటి ర్యాలీ కంపెనీ సైకిలు మీదే తిరిగారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆ సైకిలును ఇంటికి తెచ్చి, వెనక గదిలో విడదీసి బాగుచేస్తున్నాను. చైను కవరు మీద పెయింటరు చేత రాయించుకున్న ఆయన పేరు సగం చెరిగిపోయింది. మొత్తం గీకించి కొత్త రంగు వేయిస్తానన్నప్పటి నుంచి అమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు. గదంతా గ్రీజు, తుప్పు అయిందనీ, మూడేళ్ల పాప అక్కడే తిరుగుతోందనీ నా భార్య కోప్పడుతోంది. ఏం చేయాలి?

జవాబు: మీరు తలపెట్టిన పని మంచిదే కనుక దాన్ని మానుకోమని చెప్పను. అయితే ఆ సైకిలు మీద మీకెంత మమకారం ఉందో మీ అమ్మగారికి అంతకు మించి ఉంటుందని, ఉత్సాహంలో మీరు కొంత మరచినట్టున్నారు. మీ కంటికి పాడైపోయిన రంగుగా కనిపిస్తున్నది, ఆమె కంటికి భర్త చేతులు ఆనించి ఆనించి అరిగిన చోటుగా కనిపిస్తూ ఉండవచ్చు. గీకించేస్తానన్న మాట ఆమెకు ఆయన్ని రెండోసారి సాగనంపినట్టు తోచి ఉంటుంది.

ఇలాంటి పనిలో మళ్లీ సరిదిద్దుకోగలిగినవి కొన్ని, సరిదిద్దుకోలేనివి కొన్ని ఉంటాయి. ఇరుసుల్లోనూ పెడల్ ఇరుసులోనూ అరిగిన బాల్సు తీసి కొత్తవి వేసి గ్రీజు పెట్టడం, పెడల్ కడ్డీని ఇరుసుకు బిగించే కాటరు పిన్ను బిగుసుకుపోతే దానికి నూనె పట్టించి ఒక రాత్రి వదిలిపెట్టి, కింద గట్టి ఊతం ఇచ్చి కొట్టి తీయడం, వంకరపోయిన చక్రాన్ని చువ్వలు బిగించి సరిచేయడం వంటివన్నీ మొదటి రకం. వీటి వల్ల సైకిలు నడుస్తుంది, రూపు మాత్రం మారదు. రంగు అలా కాదు, ఒకసారి గీకితే ఆ పేరు, ఆ పాత బంగారు గీతలు తిరిగి రావు. అందుకే పాత సైకిళ్లను ప్రేమించేవారిలో చాలామంది అసలు రంగు మీది మురికిని మాత్రం తుడిచి, తుప్పున్న చోట సన్నగా నూనె రాసి, మైనం పూసి అలాగే ఉంచుతారు. నా అభిప్రాయం కూడా అదే.

మీ భార్య మాటను సణుగుడుగా తీసుకోకండి. ఆ కాలపు రంగుల్లో సీసం వాడటం మామూలు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లోనే సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించరాదన్న నిబంధన 2016లో వచ్చింది. పొడిగా గరుకు కాగితంతో రుద్దితే లేచే ధూళి నేల మీద పడుతుంది, అక్కడ ఆడే పాప చేతుల నుంచి నోటికి చేరుతుంది, ఎదిగే మెదడుకు హాని చేస్తుంది. ఇప్పటికే రుద్ది ఉంటే గదిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయండి, పాప సంగతి పిల్లల వైద్యుడికి చెప్పండి. ఇకపై ఆ గదికి గొళ్లెం ఉండాలి, పనిచేసిన బట్టలతో పాపను ఎత్తుకోకూడదు. పనికి వారంలో ఏ రోజు, ఎంతసేపు అన్నది మీ భార్యతో కూర్చుని తేల్చుకోండి. 28 అంగుళాల టైర్లు, కడ్డీ బ్రేకుల రబ్బర్లు ఇప్పటికీ మన దేశంలో తయారవుతున్నాయి కనుక తొందరపడవలసిన అవసరం లేదు.

ఇక అమ్మగారితో మాట్లాడేటప్పుడు సంజాయిషీ ఇవ్వకండి. “రంగు జోలికి పోను అమ్మా, నాన్న దీన్ని ఎప్పుడు కొన్నారో చెప్పవూ” అని అడిగి, ఆమె చెప్పేది అడ్డు రాకుండా వినండి. విడిభాగాలు తుడిచేటప్పుడు ఆమెను పక్కన కూర్చోమనండి, ఇష్టం లేకపోతే బలవంతం వద్దు. ఏడాది దాటినా ఆమెకు తిండి సయించకపోయినా, నిద్ర పట్టకపోయినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా అది సైకిలుతో తీరే బాధ కాదు, మానసిక వైద్యుడికి చూపించండి. చెరిగిన పేరును మళ్లీ రాయించాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం పూర్తిగా ఆమెకే వదిలిపెట్టండి, ఆమె అడిగేదాకా మీరు ఆ మాట ఎత్తకండి.