చెరువు ఒడ్డున రెండు రాత్రులు

మీ ప్రశ్న – మా జవాబు: ప్రయాణాలు

ప్రశ్న: నమస్తే అక్కా. మేం కూకట్‌పల్లిలో ఉంటాం, ఇద్దరం ఉద్యోగాలే. ఈసారి దసరా సెలవుల్లో చెరువు, గుట్టలు ఉన్న చోట కాటేజీ తీస్కొని ఉందామని పిల్లలు ఒకటే గోల (ఒకరికి పది, ఒకరికి ఆరు). మా అత్తమ్మ, మామయ్య కూడా వస్తారు, అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు. మావారేమో ఎలాగూ అటు పోతున్నాం కదా, రెండ్రోజుల్లో వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప గుడి, లక్నవరం చెరువు, బొగత జలపాతం అన్నీ చూసొచ్చేద్దాం అంటున్నారు. అవుతుందా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అవ్వడానికి అవుతుందమ్మా. కానీ పొద్దున లేస్తే కారు, రాత్రయితే కారు, ఇంకా ఎక్కడికమ్మా అని మీ అత్తమ్మ పైకి అడక్కపోయినా లోపల అనుకుంటారు. నా మాట వినండి, లక్నవరం ఒక్కటే పెట్టుకుని అక్కడే రెండు రాత్రులు ఉండండి. దారిలో రామప్ప చూడండి, మిగతావి ఇంకోసారికి ఉంచండి.

ఎందుకంటే లక్నవరం పగలు చూస్తే ఒకలా ఉంటది, అక్కడ పడుకుని లేస్తే ఇంకోలా ఉంటది. ఎండెక్కాక కార్లు, బస్సులు వస్తాయి, వేలాడే వంతెన మీద సెల్ఫీలకి నిలబడేవాళ్ళతో నడవడానికే దారుండదు. సాయంత్రం వాళ్ళంతా వెళ్ళిపోయాక చెరువు మీకే మిగుల్తుంది. తెల్లారి ఐదున్నరకి పిల్లల్ని లేపి, స్వెటర్లేసి ఒడ్డుకి తీస్కెళ్ళండి. నీళ్ళ మీద పొగమంచు ఉన్న రోజైతే ముందు ఏమీ కనపడదు, తర్వాత ఒక దీవి, కాసేపటికి దాని వెనక ఇంకోటి, అట్లా ఒక్కొక్కటే బయటికొస్తాయి. నేను వెళ్ళినప్పుడు వంతెన తీగ మీద ఒక లకుముకిపిట్ట కూచునుంది, ఎంతసేపూ కదల్లేదు, ఉన్నట్టుండి నిట్టనిలువునా నీళ్ళలోకి దూకి ముక్కున చిన్న చేపతో అదే చోటుకి వచ్చింది. ఆ తీగ ఇంకా ఊగుతూనే ఉంది.

ఆ దీవులు ఎట్లా వచ్చాయో పిల్లలకి తప్పకుండా చెప్పండి. ఇది కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన చెరువు. గుట్టలు సహజంగానే చుట్టూ గోడల్లా ఉన్నాయి, మధ్యలో ఇరుకు సందులున్న చోట మాత్రం చిన్న చిన్న కట్టలు వేసి నీళ్ళని ఆపేశారు, లోపల మునగకుండా మిగిలిన మిట్టలే ఈ దీవులు. అంటే మనం సెలవులకి పోయేది రైతుల కోసం కట్టిన చెరువుకి, ఇప్పటికీ తూములు వదిల్తే కింద పొలాలు పారతాయి. నాకైతే ఆ దగ్గర్లో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే అనిపిస్తుంది.

అందుకే ఎప్పుడు వెళ్తున్నామో చూస్కోవాలి. పోయిన ఏప్రిల్లో నేను ఇంకోచోట, పేరు చెప్పను, ఫొటోలో నిండు చెరువు చూసి లేక్ వ్యూ కాటేజీకి డబ్బులు ముందే కట్టేసి వెళ్ళాను. కిటికీ తెరిస్తే నెర్రెలిచ్చిన ఒండ్రుమట్టి, దూరంగా మడుగులో నాలుగు కొంగలు, ఒడ్డున బోర్లించిన పడవ. యాసంగి పంటలకి నీళ్ళు వదిలాక ఎండాకాలంలో చెరువు అట్లాగే ఉంటది, అది చెరువు తప్పు కాదు, రైతు తప్పు అంతకన్నా కాదు. కానీ ఆ సంగతి బుకింగ్ అప్పుడే నాకు చెప్పి ఉండాల్సింది, మా అమ్మని అంత దూరం తీస్కెళ్ళి అది చూపించినందుకు నాకు చాలా బాధేసింది. మీరు దసరాకి అంటున్నారు కాబట్టి వానలు బాగా పడ్డ ఏడాదైతే చెరువు నిండుగా ఉంటది, సంక్రాంతి దాకా కూడా బాగుంటది. అయినా ముందు రోజు ఫోన్ చేసి మత్తడి పోస్తోందా, అంటే చెరువు నిండి అలుగు పారుతోందా అని ఒక్క మాట అడగండి, అక్కడివాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

జోరు వానలప్పుడు మాత్రం వద్దు. 2023 జులై చివర్లో రామప్ప పక్కనే ఉన్న లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది, వాగులు పొంగి ములుగు జిల్లాలో ఊళ్ళే మునిగాయి, ప్రాణాలు పోయాయి. రెడ్ అలర్ట్ ఉందంటే అడ్వాన్స్ పోయినా సరే ఇంట్లోనే ఉండండి.

అత్తమ్మ గురించి: గదులు కొన్ని ఒడ్డు మీద, కొన్ని దీవుల మీద ఉంటాయి. దీవి అంటే వంతెన దాటాలి లేదా పడవెక్కాలి. పడవలోకి కాలు పెట్టేటప్పుడు అది ఊగుతుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అదే భయం. మెట్లు ఎన్ని, కారు ఎక్కడిదాకా వస్తుంది, బాత్రూంలో వెస్టర్న్ ఉందా, ఇవన్నీ బుక్ చేసేముందే అడగండి, మొహమాటపడొద్దు. మందులు ఇంటి నుంచే తీస్కెళ్ళండి. టార్చిలైటు, దోమల క్రీము, కొంచెం క్యాష్ కూడా. పిల్లలు పడవెక్కితే లైఫ్ జాకెట్ ఉండాల్సిందే, ఒడ్డున ఊరికే కాళ్ళు తడుపుకుంటాం అన్నా వదలొద్దు, కింద ఒండ్రు ఉంటది, అడుగు దిగబడితే మళ్ళీ పైకి రాదు.

దారి సంగతికొస్తే, సిటీ నుంచి సుమారు 220 కిలోమీటర్లు, టిఫిన్‌కి ఆగుతూ పోతే ఐదు గంటలు పైనే. ఉప్పల్ ట్రాఫిక్ మొదలవ్వక ముందే దాటేయండి. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి పనివాళ్ళు ఉంటారు, కాళ్ళు సాగదీయడానికి మంచి చోటు. రామప్పకి మధ్యాహ్నం ఎండ తగ్గాక చేరేట్టు చూస్కోండి. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, శిఖరానికి వాడినవి నీళ్ళలో తేలేంత తేలిక ఇటుకలు. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే నాట్యం చేసే అమ్మాయిల బొమ్మలు ఉంటాయి, ఒకామె కాళ్ళకి ఎత్తు మడమల చెప్పులున్నాయి, అవి ఎవరు ముందు కనిపెడతారో చూద్దాం అని పిల్లలకి పందెం పెట్టండి.

ప్రశ్న: అక్కా, నేను దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నా. కాటేజీకి డబ్బుల్లేవు, ఒక్క ఆదివారం ఫ్రీ. గుట్టలు చూడాలనుంది.
– ఒక విద్యార్థి

జవాబు: అనంతగిరికి వెళ్ళు తమ్ముడూ. సికింద్రాబాద్ లేదా లింగంపల్లిలో పొద్దున్నే రైలెక్కి వికారాబాద్‌లో దిగితే అక్కణ్ణుంచి ఆటోలో గుట్ట మీదికి పోవచ్చు. అనంత పద్మనాభస్వామి గుడి ఉంది, మన మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే. చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద ముక్కు మూసుకుని దాటే ఆ మూసీ అక్కడ సన్నటి ఊట, ఒకసారి కళ్ళారా చూడు. ఫ్రెండ్ బండి దొరికితే చేవెళ్ల మీదుగా పో, ఆ రోడ్డుకి రెండు వైపులా పాత మర్రిచెట్లు ఉంటాయి. టైముంటే కోట్‌పల్లి చెరువులో కయాకింగ్ కూడా ఉంది. నీళ్ళ బాటిల్ మర్చిపోకు, ఒక్కడివే అడవిలో లోపలికి పోకు, సాయంత్రం తిరుగు రైలు టైం దిగినప్పుడే స్టేషన్లో కనుక్కో.