బీచ్ రోడ్డులో ఆ బాంబు

ప్రశ్న: యుద్ధకాలంలో విశాఖపట్నం మీద జపాను బాంబులు వేసిందని మా తాతయ్య చెప్పేవారు. పాఠాల్లో ఎక్కడా చదవలేదు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: అక్షరాలా నిజమమ్మా. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అంతకు నెల ముందే, మార్చి 8న, అప్పటి బర్మా రాజధాని రంగూన్ జపాను వశమైంది. అక్కడ కూలినాలి చేసుకుని బతికిన మనవాళ్లు ఎందరో అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగివస్తున్న రోజులవి.

బడిపిల్లలకు ఈ సంగతి చెప్పాలనుకుంటే నేను వాళ్లను బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియానికి తీసుకెళతాను. పేలకుండా మిగిలిన జపాను బాంబు అక్కడ ఉంది. అంతవరకు గలగల మాట్లాడే పిల్లలు దాని ముందు ఒక్కసారిగా మౌనం వహిస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీలో క్రిప్స్ రాయబారం, అంటే యుద్ధానికి మన నాయకుల మద్దతు కోసం బ్రిటిష్ ప్రభుత్వం పంపిన మంత్రి క్రిప్స్ జరిపిన చర్చలు, నడుస్తోందని అప్పుడు చెబుతాను, చెవులు రిక్కించి వింటారు. యుద్ధాన్ని, రాజకీయాన్ని విడదీసి చెబితే రెండూ అర్థం కావు.

తాతయ్యగారు ఆనాడు ఏ వీధిలో ఉన్నారు, ఇల్లు విడిచి ఎక్కడికి వెళ్లారు? మీకు గుర్తున్నంతా రాసి పంపండి. నాకు అది చాలా కావాలి.