మన ఎండకు తగ్గ పిజ్జా: కడపలో ఉన్న అమ్మాయికి పెద్దమ్మ లేఖ

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఫోన్‌లో చెబితే కొలతలు మరిచిపోతావని రాస్తున్నాను. పిజ్జా పిండి పులిసి కంపు కొడుతోందని, అంచులు గట్టిపడుతున్నాయని, నడుమ మాత్రం తడితడిగా ఉండిపోతోందని అన్నావు. ఈ మూడూ ఒకే తప్పు కాదు, మూడింటికీ కారణాలు వేరు. అయితే మొదట లెక్కలోకి తీసుకోవలసింది మన ఎండను.

నువ్వు చూసి చేస్తున్న కొలతలు చలిదేశాల వంటిళ్ళకు రాసినవి. అక్కడ గదిలో వేడి 20, 22 డిగ్రీలు. మే నెలలో కడపలో పొయ్యి వెలిగించకముందే వంటింట్లో 36, 38 ఉంటుంది. మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు చేయి పెడితే చురుక్కుమంటాయి. గోరువెచ్చని నీళ్ళతో కలిపి రెండు గంటలు పక్కన పెట్టమనే మాట అక్కడికి సరిపోతుంది. ఇక్కడ అదే పని చేస్తే ఈస్ట్ గంటలోపే పిండిని పొంగించేసి, ఆ తర్వాత ఊరికే పులియబెడుతూ పోతుంది. నీకు వచ్చిన సారా వాసన దానిదే. అలాంటి పిండి చేతికి జిగటగా అంటుకుంటుంది, సాగదీస్తే చిరుగుతుంది, కాల్చినా రంగు రాదు. రంగు తెప్పించాల్సిన చక్కెరలను ఈస్ట్ అప్పటికే తినేసి ఉంటుంది మరి.

పది అంగుళాల పిజ్జాలు రెండింటికి కొలత ఇది. మైదా 300 గ్రాములు, నీళ్ళు 180 మిల్లీలీటర్లు, ఉప్పు 6 గ్రాములు అంటే ఒక టీస్పూను, చక్కెర ఒక టీస్పూను, నూనె ఒక టేబుల్‌స్పూను. ఇన్‌స్టంట్ ఈస్ట్ ఎండాకాలంలో అర టీస్పూను చాలు, చలికాలంలో ముప్పావు వెయ్యి. మైదాను కప్పుతో కొలవొద్దు. వదులుగా నింపిన కప్పుకూ అదిమి నింపిన కప్పుకూ పాతిక ముప్పై గ్రాముల తేడా వస్తుంది, పిండి చెడడానికి అది చాలు. చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొనుక్కో. ఓవెన్ మీద పెట్టిన డబ్బుకన్నా దాని మీద పెట్టే కొద్ది డబ్బు ఎక్కువ పనికొస్తుంది.

బయటి కొలతల్లో నూరు పాళ్ళ పిండికి 65 పాళ్ళ నీళ్ళు కనిపిస్తాయి. అవి బంక (గ్లూటెన్) ఎక్కువుండే బ్రెడ్ మైదాకు రాసినవి. మన అంగళ్ళలో దొరికే మామూలు మైదాలో బంక తక్కువ, అన్ని నీళ్ళు పట్టుకోలేదు. 60 దగ్గర ఆగు. సగం గోధుమపిండి కలుపుతానంటే మాత్రం నీళ్ళు 200 మిల్లీలీటర్ల దాకా పెంచు, పొట్టు నీళ్ళు తాగుతుంది. జొన్నపిండి వేసుకోవాలని ఉంటే 300లో 50 గ్రాములు మించొద్దు. జొన్నలో బంక ఉండదు కాబట్టి అంతకు మించితే పిండి సాగదు.

ఎండాకాలంలో కుండనీళ్ళతో కలుపు. మరీ వేడిగా ఉన్న రోజైతే ఫ్రిజ్ నీళ్ళు వాడు. కలపడం పూర్తయ్యాక పిండి చేతికి చల్లగానూ వెచ్చగానూ కాకుండా ఉండాలి, అంటే 25, 26 డిగ్రీల దగ్గర. డిసెంబరు, జనవరిలో మాత్రం గోరువెచ్చని నీళ్ళే మంచివి. ఏ కాలంలోనైనా చేయి పెట్టలేనంత వేడి నీళ్ళు పోయొద్దు. 55, 60 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చిపోతుంది, ఇక ఎంతసేపు చూసినా పొంగదు. ప్యాకెట్టు విప్పాక ఈస్ట్‌ను గాలి చొరని సీసాలో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టు, అలమరలో వదిలేస్తే మన వేడికి తొందరగా నీరసపడుతుంది. అనుమానం వస్తే అరకప్పు గోరువెచ్చని నీళ్ళలో చిటికెడు చక్కెర, అర టీస్పూను ఈస్ట్ వేసి పది నిమిషాలు చూడు. పైన నురగ కట్టకపోతే పారెయ్యి, మైదాను దండగ చేయొద్దు.

మీ వంటింటి గట్టు కడప బండే కదా. పిండి పిసకడానికి అంతకన్నా మంచి చోటు లేదు, నున్నగా ఉంటుంది, ఎండలోనూ చల్లగా ఉంటుంది. ఎనిమిది నుంచి పది నిమిషాలు అరచేతి మడమతో ముందుకు తోస్తూ, మడుస్తూ పిసుకు. అంటుకుంటోందని మైదా చల్లుకుంటూ పోవద్దు, చేతికి రెండు చుక్కల నూనె రాసుకో. చపాతీ పిండికన్నా బాగా మెత్తగా, ఓళిగల కణకకన్నా కాస్త గట్టిగా రావాలి. చిన్న ముద్ద తీసి వేళ్ళతో పల్చగా సాగదీస్తే చిరగకుండా అవతలి వెలుతురు కనిపించాలి. అంతవరకూ ఆపొద్దు.

ఆ బండ ముక్కనే పిజ్జా రాయిగా ఓవెన్‌లో పెట్టొచ్చా అని అడిగావు. పెట్టొద్దు. అది పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి. పొరల మధ్య తేమ ఉంటే ఒక్కసారిగా వేడెక్కినప్పుడు చిట్లి పెచ్చులు లేవొచ్చు. పైన పాలిష్ కోసం పూసినవీ తిండికి తగలవలసినవి కావు. దాని బదులు కొయ్యపిడి, ప్లాస్టిక్ పిడి లేని మందపాటి ఇనుప పెనం బోర్లించి పెట్టు. రాయి చేసే పని అది చక్కగా చేస్తుంది.

పిసికిన పిండిని నూనె రాసిన గిన్నెలో పెట్టి మూత వెయ్యి. ఇక గడియారం చూడొద్దు, పిండిని చూడు. ఎండాకాలంలో 40, 50 నిమిషాలకే రెట్టింపు అవుతుంది, చలికాలం రాత్రుల్లో రెండు గంటలు పట్టొచ్చు. వేలితో గుచ్చితే గుంట మెల్లగా సగం పూడాలి. వెంటనే పూడిపోతే ఇంకా పొంగాలి, అసలు పూడకపోతే ఎక్కువైంది. ఎక్కువైన పిండిని పారేయనక్కర్లేదు. 50 గ్రాముల మైదా చల్లి మళ్ళీ పిసికి, తెల్లగడ్డ ముక్కలు, నువ్వులు అద్ది పెనం మీద రొట్టెలు కాల్చు. అయితే మన ఎండకు అన్నిటికన్నా నమ్మకమైన దారి ఫ్రిజ్. ఈస్ట్ పావు టీస్పూనుకు తగ్గించి, పిసికిన పిండిని రెండు ఉండలు చేసి, నూనె రాసిన డబ్బాల్లో మూతపెట్టి ఒక పగలూ ఒక రాత్రీ ఫ్రిజ్‌లో ఉంచు. మెల్లగా పులిసిన పిండికి రుచి వేరే. చేసే రోజు అరగంట, ముప్పావుగంట ముందు బయట పెడితే చాలు, చలికాలంలో గంటన్నర.

ఒత్తేటప్పుడు అప్పడాల కర్ర వాడితే లోపలి గాలంతా పోతుంది. నడుమ నుంచి అంచులకు వేళ్ళతో తోస్తూ వెడల్పు చెయ్యి, అంచు ఒక వేలెడు వదిలెయ్యి. వెనక్కి ముడుచుకుపోతోందంటే పిండి బిగుసుకుందన్నమాట. బలవంతం చేయకుండా పది నిమిషాలు మూసి వదిలేస్తే అదే లొంగుతుంది.

టమోటా సాస్ ఇంట్లోనే చెయ్యి. పత్తికొండ వైపు టమోటాలు పుల్లగా బాగుంటాయి గానీ నీళ్ళు ఎక్కువ. అరకిలో పళ్ళను ఉడికే నీళ్ళలో నిమిషం ముంచి తొక్క తీసి, గింజల నీళ్ళు పిండేసి, రెండు స్పూన్ల నూనెలో నాలుగు తెల్లగడ్డ పాయలు వేయించి, అందులో వేసి ఇరవై నిమిషాలు ఉడికించు. గరిటె లాగితే దారి కాసేపు మూసుకోకుండా నిలవాలి. ఒక పిజ్జాకు మూడు టేబుల్‌స్పూన్లే. నీకు నడుమ తడి ఉండిపోవడానికి సగం కారణం సాస్ ఎక్కువ కావడమే. ఒరెగానో లేకపోతే రెండు వామాకులు సన్నగా తరిగి వెయ్యి, లేదా చిటికెడు వాము నలిపి వెయ్యి. ఆ ఘాటు రెంటిలోనూ దగ్గర దగ్గరగా ఉంటుంది. తులసి మాత్రం వద్దు, దాని వాసన దారి వేరు. సబ్జా మొక్క ఆకులు దొరికితే కాల్చి తీశాక చల్లు.

అల్లుడికి కారం కావాలంటే కారం దోశకు రుబ్బే ఎర్రకారమే పుయ్యొచ్చు. అయితే పచ్చిది పుయ్యొద్దు, ఎర్రగడ్డ నీళ్ళు వదులుతుంది. ఎనిమిది ఎండుమిరపకాయలు నానబెట్టి, ఒక పెద్ద ఎర్రగడ్డ, ఆరు తెల్లగడ్డ పాయలు, ఉప్పు వేసి రుబ్బి, నూనెలో పచ్చివాసన పోయి నూనె తేలేదాకా వేయించు. పల్చగా ఒక టేబుల్‌స్పూను చాలు. దాని మీద చీజ్, దించాక పైన కాస్త పప్పుల పొడి. పొడిని ముందే చల్లితే మాడి చేదెక్కుతుంది. టమోటా సాస్‌కన్నా నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

చీజ్ ఒక పిజ్జాకు 80 నుంచి 100 గ్రాముల మొజరెల్లా. గడ్డగా కొని ఇంట్లో తురుముకో. తురిమి అమ్మేదానికి అంటుకోకుండా పిండి పూస్తారు, అది సరిగా కరగదు. పనీరు ఎంత వేడిచేసినా కరగదు, పాలను నిమ్మరసం పోసి విరిచి చేసింది కదా. ముక్కలుగా పైన వేసుకో, చీజ్‌కు బదులుగా మాత్రం కాదు. క్యాప్సికం, పుట్టగొడుగులు వేస్తే ముందు పెనం మీద నీళ్ళు ఇగిరేదాకా రెండు నిమిషాలు తిప్పు. ఎర్రగడ్డ కాగితమంత పల్చగా తరుగు. కూరగాయలన్నీ కలిపి గుప్పెడు దాటొద్దు. కరివేపాకు వేయాలనుంటే నూనెలో ముంచి వెయ్యి, లేకపోతే నల్లగా మాడుతుంది.

ఇక కాల్చడం. ఇటలీలోని నేపుల్స్‌లో కట్టెల పొయ్యి 430 నుంచి 480 డిగ్రీల వేడి మీద ఉంటుంది, పిజ్జా నిమిషం, నిమిషంన్నరలో బయటికొస్తుంది. ఆ పనితనాన్ని 2017లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఓటీజీ, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్, 250 దాటదు, ఎనిమిది పది నిమిషాలు పడుతుంది, అంతసేపట్లో తేమ ఆరిపోతుంది. పిండిలో నూనె, చక్కెర వేయమన్నది అందుకే. నేపుల్స్ పిండిలో అవి ఉండవు. నువ్వు 180లో అరగంట కాలుస్తున్నానన్నావు, అంచులు గట్టిపడుతున్నది అక్కడే. పైకడ్డీ, కిందికడ్డీ రెండూ వేసి 250 పెట్టి, బోర్లించిన పెనాన్ని కింది అరలో పెట్టి అరగంట వేడెక్కనివ్వు. పళ్ళెం వెనుకవైపు బొంబాయి రవ్వ చల్లి, దాని మీద పిజ్జా సర్ది, ఒకసారి ఊపి చూసి పెనం మీదికి జార్చు. రవ్వ మీద సర్దాక ఆలస్యం చేస్తే అంటుకుపోతుంది. కింద గోధుమరంగు మచ్చలు, పైన చీజ్ మీద అక్కడక్కడా మచ్చలు కనిపిస్తే తీసెయ్యి. తీశాక రెండు నిమిషాలు ఇనుప జాలీ మీద పెడితే అడుగు ఆవిరికి మెత్తబడదు.

కరెంటు పోతే పొయ్యి మీద చేసుకో. ఎనిమిది అంగుళాల పిండిని మధ్య మంట మీద మందపాటి పెనంలో రెండు నిమిషాలు కాల్చి తిరగెయ్యి, కాలిన వైపు సాస్, చీజ్ సర్ది, మంట బాగా తగ్గించి ఐదారు నిమిషాలు మూత పెట్టు. మూతకు గుడ్డ చుట్టి కొసలు పైకి ముడివెయ్యి, లేకపోతే ఆవిరి చుక్కలు చీజ్ మీద కారతాయి. కుక్కర్‌ను నీళ్ళు లేకుండా కాల్చమని ఎవరైనా చెబితే వినొద్దు, అల్యూమినియం అడుగు పాడవుతుంది.

గండికోటకు వెళ్ళేటప్పుడు పిజ్జా చేసి తీసుకెళ్తానన్నావు. ఎండాకాలంలో వద్దమ్మా. 32 డిగ్రీలు దాటిన వేడిలో చీజ్ ఉన్న వంటకం గంటకన్నా బయట ఉండకూడదు. ఆ కోట మీద నీడ కూడా తక్కువ. చింతపండు పులిహోర, నిప్పట్లు, ఓళిగలు, జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి కట్టుకో. ఊరిబిండి తీసుకెళ్ళొద్దు, నీళ్ళతో నూరింది మధ్యాహ్నానికే చెడుతుంది. బస చేసేచోట పొయ్యి ఉంటే మాత్రం పైన ఏమీ సర్దని ఉత్త పిజ్జా రొట్టెలను 250లో నాలుగు నిమిషాలు రంగు రాకుండా కాల్చి, పూర్తిగా చల్లార్చి నూలుగుడ్డలో చుట్టుకో, ఒకరోజు నిలుస్తాయి. వెచ్చగా ఉండగానే కవర్లో పెడితే చెమ్మపట్టి బూజొస్తుంది. చీజ్‌ను గడ్డకట్టించి ఫ్లాస్కులో పెట్టుకుని, చేరిన వెంటనే వాడెయ్యి.

దారిలో ఎక్కడి తిండి అక్కడ, దాని వేళకు తిను. కర్నూలు, అనంతపురం వైపు పొద్దున వచ్చినప్పుడు ఉగ్గాని, పక్కన మూకుడులోంచి అప్పుడే తీసిన మిరపకాయ బజ్జీ తిను. పది దాటాక పళ్ళెంలో ఆరిన ఉగ్గాని బొరుగులు సాగుతాయి, దానికి డబ్బు పెట్టొద్దు. మధ్యాహ్నం మిగిలిన కొబ్బరి చట్నీ ముట్టొద్దు. అహోబిలం వెళ్తే కోతులున్నాయి, పొట్లం బయట విప్పొద్దు. బెంగళూరు వెళ్ళినప్పుడు కట్టెల పొయ్యి ఉన్నచోట ఒకసారి ఉత్త మార్గరీటా అడిగి తిను. టమోటా, చీజ్, ఆకు తప్ప ఇంకేమీ లేని దాంట్లో పిండి తప్పు దాక్కోదు. ముక్క ఎత్తి అడుగు చూడు, మచ్చలెలా ఉన్నాయో, అంచులో గాలి గదులు ఎంతున్నాయో గమనించు. మీ ఇంట్లో 250 డిగ్రీలకు ఎంతవరకు రావచ్చో అప్పుడు తెలుస్తుంది.

మిగిలిన ముక్కలను మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. పెనం మీద సన్నమంటలో మూతపెట్టి మూడు నిమిషాలు ఉంచితే అడుగు మళ్ళీ కరకరలాడుతుంది. మీ ఓటీజీ ఎన్ని లీటర్లదో రాయి. 20 లోపైతే పది అంగుళాలది లోపల సరిగా పట్టదు, పైకడ్డీకి దగ్గరై చీజ్ మాడుతుంది. అప్పుడు ఇదే పిండిని మూడు ఉండలు చేసి ఎనిమిది అంగుళాలవి చేసుకో.

ఇట్లు,
పెద్దమ్మ