సబ్సిడీ సంగతి తర్వాత, ముందు మే 24 చూసుకోండి

ప్రశ్న: మాది ఖమ్మం, 180 గజాల ఇల్లు. ఎండాకాలం పైగదిలో స్లాబు వేడికి 76 ఏళ్ల మా అమ్మ నిద్రపోలేక అల్లాడిపోయేది. 2023 ఏప్రిల్‌లో హైదరాబాద్ కాంట్రాక్టర్ ఒకాయన వచ్చి, ప్రభుత్వం కూల్ రూఫ్ (ఎండ వేడిని ఇంట్లోకి దిగనివ్వని పైకప్పు) పాలసీ తెచ్చిందని, డాబా మీద 50 ఎంఎం పఫ్ షీటు (వేడిని ఆపే పాలీయురేథేన్ ఫోమ్ పలక) పరిచి, పైన కాంక్రీటు, తెల్ల కోటింగ్ వేస్తానని, రూ.90,000 సబ్సిడీ ఆరు నెలల్లో ఇప్పిస్తానని కొటేషన్ మీదే రాసిచ్చాడు. 1,500 చదరపు అడుగులకు రూ.3 లక్షలు. హోమ్ లోన్ మీద టాపప్ (అదనపు లోను) తీసుకుంటే బ్యాంకు రూ.2.4 లక్షలు నేరుగా అతని ఖాతాలో వేసింది. మిగతా రూ.60 వేలు చేతికిచ్చాం. జులై వానలకే స్లాబు ఉరవడం మొదలైంది, వేడీ తగ్గలేదు. సబ్సిడీ రాలేదు. ఫోన్ చేస్తే 'వస్తా, వస్తా' అంటాడు. ఇప్పుడు మీ పేరున సోలార్ సబ్సిడీ పెట్టి రూ.78,000 ఇప్పిస్తాను, గొడవ వద్దు అంటున్నాడు. ఈఎంఐ ఆపేస్తే బ్యాంకే అతని మీద పడుతుందని మా బావమరిది సలహా. మాకు సబ్సిడీ వచ్చే దారి ఉందా? (2025 మార్చి)

జవాబు: అమ్మగారి ఇబ్బంది గురించి రెండు పేజీలు రాశారు, తేదీల గురించి ఒకటిన్నర లైను. మీ కేసంతా ఆ ఒకటిన్నర లైనులోనే ఉంది.

మీరు జత చేసిన కాగితాల్లో అన్నిటికంటే ముఖ్యమైనదాన్ని మీరసలు పట్టించుకోలేదు. బ్యాంకు రెండో విడత విడుదల చేయడానికి మీరిచ్చిన లేఖ: 'పని సంతృప్తికరంగా పూర్తయింది', కింద మీ సంతకం, తేదీ 24.05.2023. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో వినియోగదారుల కమిషన్ ముందుకు రావాలి. స్లాబు మొదట ఉరిసిన జులై నుంచి లెక్కించాలని, సబ్సిడీ గడువు దాటిన నవంబరు నుంచి లెక్కించాలని వాదించవచ్చు. వాదించాల్సిన అవసరం రాకుండా చూసుకోవడమే తెలివి. ఎవరూ వేలెత్తి చూపలేని లెక్క మే 24 నుంచే. అంటే ఈ సంవత్సరం మే 24, అదీ శనివారం. ఏప్రిల్ నెలాఖరుకే ఫిర్యాదు దాఖలైపోవాలి.

'వస్తా, వస్తా' అన్న ఫోన్ కాల్స్ వల్ల గడువు పెరగదు. లీగల్ నోటీసు ఇచ్చినా, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పినా పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, తగిన కారణం చూపాలి. అమ్మకు బాగాలేదన్న ఒక్క వాక్యంతో రెండేళ్ల మౌనాన్ని దాటలేరు.

ఇక సబ్సిడీ. 2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ వాణిజ్య, ప్రభుత్వ భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు కూల్ రూఫ్‌ను తప్పనిసరి చేసింది. మీ 180 గజాల ఇంటికి అది మీ ఇష్టం. మీరు పంపిన కాగితాల్లో దరఖాస్తు నంబరు లేదు, మంజూరు ఉత్తర్వు లేదు, ఏ శాఖ ముద్రా లేదు. ప్రభుత్వం మీద వేయడానికి కేసు లేదు. కానీ 'ఆరు నెలల్లో రూ.90,000 సబ్సిడీ ఇప్పించే బాధ్యత మాది' అని కాంట్రాక్టర్ తన అక్షరాలతో రాసిచ్చాడు చూశారా, అది అతని మెడకు చుట్టుకుంటుంది. లేని లాభాన్ని చూపి సేవ అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. ఒప్పుకున్న షీటు వేయలేదని తేలితే అది సేవాలోపం. కమిషన్ ముందు మీరు అడగాల్సింది ఈ రెండూ.

ఇక్కడ మిమ్మల్ని కోప్పడక తప్పదు. పని చూడకుండా, కాంట్రాక్టర్ నింపి తెచ్చిన లేఖ మీద సంతకం పెట్టారు. అతని వకీలు మొదట తీసేది ఆ కాగితమే. దానికి జవాబు ఒక్కటే: మీరు సంతృప్తి చెందింది కంటికి కనిపించిన పైకోటింగ్‌తో. కాంక్రీటు కింద ఎంత మందం షీటు ఉందో ఆ రోజు మీకు తెలిసే వీలు లేదు. ఈ జవాబు నిలబడాలంటే కింద ఏముందో రుజువు చేయాలి. అందుకే, డాబా మీద ఒక్క పెచ్చు కూడా ఇప్పుడు తవ్వించకండి. కొత్త మేస్త్రీ చేత పైపొరంతా లేపించి మళ్లీ చేయిస్తే వాన నీటితో పాటు సాక్ష్యమూ పోతుంది.

చేయాల్సింది ఇది. కాంట్రాక్టర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఫలానా రోజు, ఫలానా గంటకు డాబా కోసి చూస్తున్నాం, వచ్చి ఉండమని కనీసం వారం ముందు చెప్పండి. రాకపోయినా ఫర్వాలేదు, పిలిచినట్టు రసీదు ఉంటే చాలు. లైసెన్స్ ఉన్న సివిల్ ఇంజినీర్‌ను పెట్టుకుని రెండు చోట్ల ఆరంగుళాల చదరం కోయించండి: ఒకటి ఉరిసే చోట, ఒకటి పొడిగా ఉన్న చోట. పొరల పక్కన స్కేలు నిలబెట్టి ఫోటో తీయాలి. షీటు 50 ఎంఎం ఉందా, 25 ఉందా? పఫ్ లేతపసుపు రంగులో నున్నగా ఉంటుంది. విరిస్తే పూసలు పూసలుగా రాలితే అది థర్మోకోల్. షీట్ల అతుకులకు టేపు ఉందా, వాటర్‌ప్రూఫింగ్ పొర ఉందా, నీరు గొట్టం వైపు పారేలా వాలు ఉందా అన్నవి కూడా నివేదికలో రావాలి. సాధారణంగా ఇలాంటి పని పాడయ్యేది అక్కడే: వాలు లేక నిలిచిన నీరు అతుకుల్లోంచి దిగి, షీటు కింద చిక్కుకుని, పైకి ఆరలేక స్లాబులోకి చెమ్మగా దిగుతుంది. తీసిన ముక్కలను కవర్లో పెట్టి, తేదీ రాసి, ఇంజినీర్ సంతకంతో సీలు చేయండి. కోసిన గుంతలను అదే రోజు పూడ్చండి.

ఫోన్ మార్చినప్పుడు పాత చాట్ పోయిందన్నారు. మూడు లక్షల పని మాట్లాడిన చాట్‌ను ఎవరైనా అలా వదిలేస్తారా? బ్యాకప్ వెతకండి. ఫోటోలు మీ ఆవిడ ఫోన్‌కు పంపి ఉంటారు, అక్కడా చూడండి. దొరికిన వాటికి, అవి ఎలక్ట్రానిక్ సాక్ష్యం కాబట్టి, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63(4) కింద ధ్రువపత్రం జత చేయాలి. ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు నింపాలి. కమిషన్ సాక్ష్య నియమాలను సివిల్ కోర్టంత పట్టుగా చూడదు గానీ, ఆ లోటు ఎందుకు పెట్టుకోవడం? రసీదు లేని రూ.60 వేలను లెక్కలో చూపండి, దాని మీదే కేసు నిలబెట్టకండి.

సోలార్ సంగతి. దాని జోలికి వెళ్లకండి, ఒక్క సంతకం కూడా పెట్టకండి. ఇళ్ల డాబాల మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్య ఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు రూ.30,000, 2కు రూ.60,000, 3, ఆపైన రూ.78,000 ఇచ్చేది డాబా మీద ప్యానెళ్లు బిగించి, డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) తనిఖీ చేసి, నెట్ మీటర్ పెట్టి, కమిషనింగ్ రిపోర్టు ఇచ్చాకే. ప్యానెల్ లేకుండా ఆ డబ్బు వచ్చిందంటే మధ్యలో దొంగ కాగితం ఉన్నట్టే. దరఖాస్తు మీ పేరున, కరెంటు కనెక్షన్ మీ పేరున, డబ్బు పడేది మీ ఖాతాలో. మోసం కేసులో మొదటి ముద్దాయి మీరే అవుతారు. పైగా 'ఇక ఏ క్లెయిమూ లేదు' అని ఒక లైను అందులో రాయించుకుంటాడు. అతని అసలు లక్ష్యం ఆ లైనే. ఈ సోలార్ బేరం గురించి అతను పంపిన మెసేజ్‌ను మాత్రం భద్రంగా దాచండి, తప్పు చేశాడన్న దానికి అది మంచి ఆధారం.

మీ బావమరిది సలహా మరీ ఘోరం. లోను ఒప్పందం మీకూ బ్యాంకుకూ మధ్య. 90 రోజులు వాయిదాలు కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ (మొండి బకాయి) అవుతుంది, తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. తాకట్టులో ఉన్నది మీ ఇల్లు, కాంట్రాక్టర్‌ది కాదు. వాయిదాలు కడుతూనే ఆ వడ్డీని నష్టపరిహారంలో అడగండి. 24.05.2023 లేఖ, రెండు విడతల చెల్లింపుల ధ్రువీకరించిన నకళ్లు బ్యాంకును రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. మంజూరు పత్రంలో లోను ఇంటి మరమ్మతుకని ఉంటే వడ్డీ సర్టిఫికెట్టు కూడా తీసుకోండి. సొంతంగా ఉంటున్న ఇంటికి పాత పన్ను విధానంలో ఏడాదికి రూ.30,000 వరకు వడ్డీని పన్ను పడే ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. అసలు హోమ్ లోన్ వడ్డీతో కలిపి చూసే పరిమితి వేరు, మీ ఆడిటర్‌ను అడగండి.

ఫిర్యాదు ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. కాంట్రాక్టర్ హైదరాబాద్‌లో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే చోట వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. నోటీసు అందాక కాంట్రాక్టర్‌కు జవాబుకు 30 రోజులు, కమిషన్ పొడిగిస్తే మరో 15. అంతకు మించి ఉండదు. పైపొర తీసి ఒప్పందం ప్రకారం మళ్లీ వేయడానికి ఇంజినీర్ వేసిన అంచనా, లేదా కట్టిన డబ్బు వాపసు, సబ్సిడీ పేరిట చూపిన ఆశకు పరిహారం, వడ్డీ, ఖర్చులు అడగండి. అతను కోత నివేదికను కాదంటే, కమిషనే నిపుణుణ్ని పంపి చూడాలని దరఖాస్తు పెట్టండి.

ఈ వేసవికి అమ్మగారి గది మీద రెండు పూతలు తెల్ల సున్నం వేయించవచ్చు, ఖర్చూ తక్కువే. కాకపోతే కోత తీసి, మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య మూడు రోజుల పాటు సీలింగ్ వేడిని ఐదు చోట్ల ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిచి, పక్కింటి కోటింగ్ లేని స్లాబు వేడిని దాని పక్కనే రాసుకున్నాకే.