ఆ ‘ఉన్నా’ ఎందుకు?

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. సంభాషణలు బాగున్నాయి. మూడో పేజీలో మాత్రం ఆగిపోయాను. “పనిమనిషి బొగ్గులా నల్లగా ఉంది” అన్నావు. మరి ఆ ఇంటి కోడలి రంగేమిటి? కథంతా వెతికినా దొరకలేదు. ఆవిడకి పట్టుచీర ఉంది, ఉద్యోగం ఉంది, అత్తగారితో టెన్షన్ ఉంది. రంగే లేదు. చెప్పకపోతే పాఠకులు తెలుపే అనుకుంటారని నీ ధీమా. రంగు చెప్పడమంతా పనిమనిషికీ, డల్లాస్ పెట్రోల్ బంకు దగ్గర నిలబడ్డ ఆ “ఆరడుగుల నల్లవాడి”కీ అట్టేపెట్టావు. అతను అక్కడ ఏం చేస్తున్నాడు? కారు ఆగిపోయిందా? కూతురి కోసం చూస్తున్నాడా? నీ హీరో భయపడితే పడనీ, నువ్వైనా ఒకసారి అతని ముఖంలోకి చూడొద్దూ?

“అసలు రంగు ఎత్తకూడదంటారా?” అని అడిగావు. ఎందుకు ఎత్తకూడదు? ద్రౌపది నల్లనిది కాబట్టే కృష్ణ అన్నారు. స్వయంవరానికి రాజులు ఎగబడింది ఆ నల్లపిల్ల కోసమే. నాకు నలుపుతో పేచీ లేదు. కోడలి చెల్లెలి గురించి “నల్లగా ఉన్నా కళగా ఉంటుంది” అన్నావే, ఆ ‘ఉన్నా’తోనే పేచీ.

ఆ పాపం నేనూ చేశాను, నా మొదటి కథలో. అందులో కథానాయిక మా అక్కే. పెళ్లిచూపులంటే వారం ముందు నుంచీ అమ్మ దానికి మీగడ, శనగపిండి పట్టించేది. స్టూడియో ఆయన అడక్కుండానే ఫొటోకి టచప్ చేసేవాడు. వచ్చినవాళ్లు ఫొటోనీ అక్కనీ మార్చి మార్చి చూసేవారు. ఇవన్నీ రాసి, చివర ప్రేమకొద్దీ “నల్లగా ఉన్నా అందగత్తె” అన్నాను. అక్క చదివి, పత్రిక మడిచి, “అంతా బాగుంది గానీ, ఆ ఉన్నా ఎందుకే?” అంది. చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

తర్వాతి కథలో “నల్లని పిల్ల, నవ్వితే బుగ్గ సొట్ట పడుతుంది” అని రాశాను. అచ్చులో “పసిమి ఛాయ” అయి కూర్చుంది! అడిగితే, “బొమ్మ ముందే వేయించేశామమ్మా” అన్నాడు ఆ వారపత్రిక సంపాదకుడు. మీ దగ్గర ఉన్నది నల్ల ఇంకే కదయ్యా అన్నాను. ఆరేళ్లు ఆ పత్రికలో నా కథ రాలేదు.

‘చామనచాయ’ అని దిద్దుదామనుకుంటావేమో, వద్దు. పెళ్లి ప్రకటనలు ఆ మాటని నమిలి పిప్పి చేశాయి. కట్నం సంగతి ఎత్తబోయే ముందు దగ్గినట్టుంటుంది. 1975 నాటి ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టుకుంది. మాట మార్చడం ఎంతసేపు!

గిన్నెలు తోమే ముందు పనిమనిషి గాజులు మోచేతి దాకా తోసుకుంటుందని రాశావు. అక్కడ ఆమె నాకు కనబడింది. బొగ్గు కొట్టెయ్. ఉంచాలనిపిస్తే ముందు కోడలి రంగు చెప్పు.

అక్కకి ఇప్పుడు డెబ్బై రెండు, నా దగ్గరే ఉంటోంది. నా బల్ల మీద కాగితాలన్నీ చదువుతుంది. నీ కథ ఇంకా దాని కంట పడలేదు. త్వరగా దిద్ది పంపు.

ఆశీస్సులతో.