స్కాన్‌లో హిప్పోక్యాంపస్ కుంచించుకుపోయిందన్నారు.. నాన్నగారిది అల్జీమర్సేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 69 ఏళ్లు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. పన్నెండేళ్లుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఏడాదిగా అడిగిన విషయాన్నే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. రెండు నెలల క్రితం ఎప్పుడూ వెళ్లే రైతుబజారు నుంచి ఇంటికి వస్తూ దారి తప్పారు. ఎంఆర్ఐ రిపోర్టులో ‘రెండు వైపులా హిప్పోక్యాంపస్ స్వల్పంగా కుంచించుకుపోయింది, ఎంటీఏ గ్రేడ్ 2’ అని రాశారు. అల్జీమర్స్ మెదడు లోతుల్లో ఎన్నో ఏళ్ల ముందే మొదలవుతుందని చదివాను. రెండు మూడేళ్లుగా ఆయనకు చిన్న విషయాలకే కోపం రావడం, పగటిపూట కునికిపాట్లు పడటం ఎక్కువయ్యాయి. అప్పుడే స్కాన్ తీయించి ఉంటే బాగుండేదా? రాత్రిళ్లు తుమ్ములు తగ్గడానికి క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న మాత్ర, మూత్రం ఆపుకోలేకపోతున్నందుకు ఆక్సీబ్యుటినిన్ కూడా వాడుతున్నారు. మెదడులోకి ఎలక్ట్రోడ్లు పంపి చేసే చికిత్సతో ఫలితం ఉంటుందా? నాకు 41 ఏళ్లు. నేనూ పరీక్షలు చేయించుకోవాలా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి అల్జీమర్స్ తొలి దశను అనుమానించడం సబబే. అయితే ఆ రిపోర్టులోని ఒక్క వాక్యాన్ని పట్టుకుని జబ్బును ఖాయం చేయలేము. అంతకంటే ముందు తేల్చుకోవలసింది మీ ఉత్తరం చివర్లో, మామూలు విషయంలా రాసిన ఆ రెండు మాత్రల సంగతి. వాటి దగ్గరకు వచ్చే ముందు మీరు చదివిన ‘మెదడు లోతుల’ గురించి కొంత వివరించాలి, ఎందుకంటే ఆ మాత్రలు పనిచేసేదీ అక్కడి వ్యవస్థ మీదే.

మెదడు లోతులు అనగానే ఏదో ఒక్క చోటు అనుకోవద్దు. తొలి దశ అల్జీమర్స్‌లో ముఖ్యంగా మూడు చోట్ల గురించి మాట్లాడుకుంటాం. మొదటిది కణతల లోపలి వైపున ఉండే హిప్పోక్యాంపస్, దాన్ని ఆనుకుని ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్. కొత్తగా చూసినది, విన్నది జ్ఞాపకంగా నిలవాలంటే ఈ రెండూ కలిసి పనిచేయాలి. 1991లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్, ఎవా బ్రాక్ దంపతులు మరణించినవారి మెదళ్లను పరీక్షించి, టౌ అనే ప్రొటీన్ చిక్కుముడులు మొదట ఎంటోరైనల్ ప్రాంతం అంచున కనిపించి, తరవాత హిప్పోక్యాంపస్‌కు, చివరగా మెదడు పైపొరలన్నింటికీ ఒక క్రమంలో పాకుతాయని చూపించారు. జబ్బు చాలా స్వల్పంగా ఉన్న దశలో మరణించినవారిలో సైతం ఎంటోరైనల్ ప్రాంతపు రెండో పొరలోని నాడీకణాలు సగానికి పైగా నశించి ఉన్నట్టు ఆ తరవాతి పరిశోధనల్లో తేలింది. మనం ఎక్కడున్నామో, ఎటు వెళ్తున్నామో లెక్కగట్టే కణాలు ఉండేదీ ఇక్కడే. వాటిని కనుగొన్నందుకే జాన్ ఓకీఫ్‌కు, మోజర్ దంపతులకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. తెలిసిన దారిలో తప్పిపోవడాన్ని పేరు మరిచిపోవడం కంటే, తాళాలు ఎక్కడో పెట్టి వెతుక్కోవడం కంటే తీవ్రంగా పరిగణించేది అందుకే. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిందీ రైతుబజారు సంఘటనే, స్కాన్ రిపోర్టు కాదు.

రిపోర్టులోని ఎంటీఏ గ్రేడ్ అంటే, హిప్పోక్యాంపస్, దాని చుట్టుపక్కల భాగాలు ఎంత కుంచించుకుపోయాయో రేడియాలజిస్టు కంటితో చూసి 0 నుంచి 4 వరకు వేసే అంచనా. 75 ఏళ్ల లోపువారిలో 2 గానీ అంతకు మించి గానీ ఉంటే సాధారణం కాదని భావిస్తారు. కాబట్టి మీ నాన్నగారి గ్రేడ్‌ను కొట్టిపారేయలేము. అయితే దీర్ఘకాల మధుమేహం, మెదడులోని సన్నని రక్తనాళాల జబ్బు, ఏళ్ల తరబడి ఉన్న డిప్రెషన్ వల్ల, అల్జీమర్స్‌ను పోలిన వేరే వృద్ధాప్య వ్యాధుల వల్ల కూడా ఈ భాగం కుంచించుకుపోతుంది. రోగిని చూసి, మాట్లాడి వచ్చిన అనుమానానికి ఈ గ్రేడ్ బలం చేకూరుస్తుంది, అంతవరకే.

రెండో చోటు మెదడు కాండంలోని లోకస్ సెరూలియస్. నీలి ఛాయలో కనిపించే ఈ చిన్న కణ సమూహం మందంలోనూ పొడవులోనూ ఒక అగ్గిపుల్ల ముక్కంత ఉంటుంది. రెండు వైపులా కలిపి ఇందులో ఉండేవి కొన్ని పదుల వేల కణాలే అయినా, దాదాపు మొత్తం మెదడుకు నార్‌అడ్రినలిన్‌ను అందించేది ఇదే. మెలకువ, ఏకాగ్రత, ఒత్తిడిని తట్టుకునే తీరు దీని మీద ఆధారపడి ఉంటాయి. 2011లో బ్రాక్ బృందం ఏడాది వయసు నుంచి 100 ఏళ్ల వరకు 2,332 మంది మెదళ్లను పరిశీలించినప్పుడు, టౌ ప్రొటీన్‌లో తొలి మార్పులు చాలామందిలో ఎంటోరైనల్ ప్రాంతం కంటే ముందే ఇక్కడ, అదీ యువ వయసులోనే కనిపించాయి. మీరు చదివింది బహుశా దీని గురించే అయి ఉంటుంది. ఈ మాట విని చాలామంది భయపడతారు గానీ, ఇంత చిన్న వయసులో ఈ మార్పులు ఉన్నవారందరికీ అల్జీమర్స్ రాదు. వారిలో చాలామంది మామూలుగానే జీవించి వెళ్లిపోతారు. అక్కడి నాడీకణాలు నిజంగా చనిపోవడం మొదలయ్యేది టౌ మార్పులు వచ్చిన చాలా కాలానికి, జబ్బు మధ్య దశలకు చేరేటప్పుడే.

మీ నాన్నగారి కోపం, పగటి నిద్ర దీని వల్లేనా అంటే, అయి ఉండవచ్చు. జ్ఞాపకశక్తి తగ్గడానికి ముందే నిద్ర తీరు మారడం, చిరాకు, ఆందోళన, దేని మీదా ఆసక్తి లేకపోవడం కొందరిలో కనిపిస్తాయి. కానీ పదవీ విరమణ తరవాతి డిప్రెషన్ వల్ల, నిద్రలో గురకతో ఊపిరి ఆగే జబ్బు వల్ల, రాత్రిపూట వేసుకునే తుమ్ముల మాత్ర వల్ల కూడా సరిగ్గా ఇవే లక్షణాలు వస్తాయి. రెండేళ్ల క్రితం స్కాన్ తీయించి ఉంటే ఏదో తెలిసేదన్న బాధ పెట్టుకోకండి. మామూలు ఎంఆర్ఐలో లోకస్ సెరూలియస్ కనిపించదు. దానిలోని వర్ణద్రవ్యాన్ని పట్టుకునే ప్రత్యేక ఎంఆర్ఐ పద్ధతులు ఉన్నా అవి ఇంకా పరిశోధనశాలలకే పరిమితం. ఏ లక్షణమూ స్పష్టంగా లేనప్పుడు తీసిన స్కాన్ ‘అంతా బాగుంది’ అని చెప్పి పంపేసేదే.

మూడో చోటు దగ్గరే మనం చేయగలిగిన పని ఉంది. మెదడు ముందుభాగం అడుగున న్యూక్లియస్ బేసాలిస్ అనే కణాల గుంపు ఉంటుంది. మెదడు పైపొరలకు అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఎక్కువగా అందేది ఇక్కడి నుంచే. అల్జీమర్స్‌తో మరణించినవారిలో ఈ రసాయనాన్ని తయారుచేసే ఎంజైమ్ బాగా తగ్గిపోయిందని 1976లో, ఈ కణాలే పెద్ద సంఖ్యలో నశించాయని 1980ల మొదట్లో గుర్తించారు. ఆ అవగాహన నుంచి పుట్టినవే నేటికీ మనం రాసే డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్ మందులు. మిగిలి ఉన్న కాస్త అసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా అవి అడ్డుకుంటాయి. జబ్బు ముందుకు సాగడాన్ని ఆపవు. కొంతకాలం ధ్యాస, రోజువారీ పనులు నిలకడగా ఉండేందుకు కొంతమందికి తోడ్పడతాయి.

ఇప్పుడు ఆ రెండు మాత్రలు. క్లోర్‌ఫెనిరమైన్, ఆక్సీబ్యుటినిన్ రెండూ సరిగ్గా ఈ అసిటైల్‌కోలిన్ పనినే అడ్డుకునే మందులు. ఆక్సీబ్యుటినిన్ ఉద్దేశం మూత్రాశయ కండరాన్ని శాంతపరచడమే అయినా అది మెదడులోకీ చేరుతుంది. అసలే ఆ రసాయనం తరిగిపోతున్న వయసులో రెండింటినీ కలిపి వాడితే మతిమరుపు, మత్తు, తికమక పెరుగుతాయి. జబ్బు లేనివారినీ ఉన్నవారిలా కనిపించేలా చేస్తాయి, ఉన్నవారిలో ఇంకా ముదిరినట్టు చూపిస్తాయి. ఒక చేత్తో డోనెపెజిల్ ఇస్తూ ఇంకో చేత్తో ఆక్సీబ్యుటినిన్ ఇచ్చే చీటీలు తరచూ నా దగ్గరకు వస్తుంటాయి. ఆ రెండూ ఒకదాని పనిని మరొకటి రద్దు చేసుకుంటాయి. పైగా డోనెపెజిల్ వల్లే కొందరికి మూత్రం ఆపుకోలేని ఇబ్బంది వస్తే, దానికి మరో మాత్ర రాసేవాళ్లూ ఉన్నారు. జలుబు మాత్రల్లో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమైన్ ఉంటుంది కాబట్టి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునేవాటి మీద కూడా కన్నేసి ఉంచండి. మీరుగా ఏదీ ఆపవద్దు. మీ వైద్యుడితో మాట్లాడి, తుమ్ములకు మెదడు మీద ప్రభావం తక్కువగా ఉండే ఫెక్సోఫెనడిన్ వంటిది, మూత్రానికి మిరాబెగ్రాన్ వంటిది సరిపోతుందేమో అడగండి. మిరాబెగ్రాన్ రాసేటప్పుడు బీపీ చూడటం అవసరం. 69 ఏళ్ల మగవారిలో మూత్ర సమస్యకు ప్రోస్టేట్ కారణమేమో కూడా చూడాలి. ఈ మార్పు చేసిన కొన్ని వారాల తరవాతే జ్ఞాపకశక్తి పరీక్ష ఫలితం మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గే అవకాశం ఉంది. బి12, థైరాయిడ్, సోడియం, కాల్షియం, కిడ్నీ, లివర్ పరీక్షలు ఇంకా చేయించకపోతే చేయించండి. షుగర్ మరీ కిందికి పడిపోతోందా అన్నదీ చూడాలి, ముఖ్యంగా మెట్‌ఫార్మిన్‌తో పాటు వేరే మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే. వినికిడి తగ్గిందేమో పరీక్షించండి. ఆ తరవాత న్యూరాలజిస్టు దగ్గర తెలుగులో చేసే జ్ఞాపకశక్తి పరీక్ష జరగాలి. ఐసీఎంఆర్ రూపొందించిన పరీక్షల సముదాయం తెలుగులోనూ ఉంది. ఇంగ్లిషు ప్రశ్నలను అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి అడిగితే వచ్చే మార్కులకు విలువ తక్కువ.

ఇంత చేశాక కూడా సందేహం మిగిలితే, అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమైలాయిడ్ అనే ప్రొటీన్‌ను చూపే పెట్ స్కాన్, వెన్నునీటి పరీక్ష, టౌ ప్రొటీన్‌కు సంబంధించిన రక్త పరీక్ష సాయపడతాయి. అమైలాయిడ్‌ను తొలగించే మందులు కావాలనుకునేవారికి ఇవి తప్పనిసరి. అలాంటి మందుల్లో ఒకటైన లెకనెమాబ్ మీద జరిగిన ప్రధాన ప్రయోగంలో 1,795 మంది పాల్గొన్నారు. 18 నెలల్లో క్షీణత 27 శాతం నెమ్మదించిందన్నది పత్రికల్లో వచ్చిన మాట. అదే ఫలితాన్ని జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల కొలమానం మీద చూస్తే తేడా 0.45 పాయింట్లు. మెదడులో వాపు, చిన్న రక్తస్రావాలు వచ్చే ప్రమాదం ఉన్నందున మళ్లీ మళ్లీ ఎంఆర్ఐ తీయాలి. తొలి దశలో ఉన్న కొందరికి ఇది ఆలోచించదగినదే అయినా, దీని కోసం ఆస్తులు అమ్ముకునేంత లాభం ఉందని నేను అనుకోవడం లేదు.

ఎలక్ట్రోడ్ల చికిత్స విషయానికి వస్తే, పార్కిన్సన్స్‌లో అది స్థిరపడిన చికిత్స. అల్జీమర్స్‌లో హిప్పోక్యాంపస్‌ నుంచి బయలుదేరే ఫార్నిక్స్ అనే నాడీ మార్గాన్ని ఉత్తేజపరిచి 42 మంది మీద పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది తరవాత చూస్తే పరికరం పనిచేయించినవారికీ, ఆపి ఉంచినవారికీ మధ్య మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రస్తుతానికి పరిశోధనకు వెలుపల ఎవరైనా ఈ ఆపరేషన్ చేస్తామంటే ఒప్పుకోవద్దు.

ఇంట్లో చేయవలసినవి: ఆయన ఒంటరిగా బయటికి వెళ్లడాన్ని పూర్తిగా ఆపేయకుండా, జేబులో పేరు, ఫోన్ నంబరు ఉన్న కార్డు పెట్టండి, ఫోన్‌లో లొకేషన్ పంచుకునే ఏర్పాటు చేయండి. స్కూటరు నడిపే అలవాటు ఉంటే పరీక్షలు అయ్యేదాకా ఆపించండి. పింఛను ఖాతా, నామినీ, వీలునామా వంటివి ఆయన సొంతంగా నిర్ణయించుకోగలిగిన ఇప్పుడే, ఆయన ఇష్టప్రకారం పూర్తి చేయించండి. అడిగిందే అడిగినప్పుడు ‘ఇందాకే చెప్పాను కదా’ అనకుండా మళ్లీ జవాబు చెప్పడం కష్టమే, కానీ కొత్త జ్ఞాపకం నిలిచే చోటే దెబ్బతిన్నప్పుడు మందలింపు వల్ల ఆయనకు మిగిలేది బాధ ఒక్కటే. వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేసి సాయం అడగవచ్చు. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో తికమక ఎక్కువైతే, లేనివి కనిపిస్తున్నాయంటే, నడక తడబడి పడిపోతుంటే, తలకు దెబ్బ తగిలితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. తొలి దశ అల్జీమర్స్ అలా హఠాత్తుగా మారదు. అది వేరే కారణం.

ఇక మీ సంగతి. తండ్రికి 69 ఏళ్ల వయసులో ఈ జబ్బు వస్తే పిల్లలకు ముప్పు కొంత పెరుగుతుంది, అంతే తప్ప తప్పనిసరిగా వస్తుందని కాదు. ఒక్క జన్యువు వల్ల తరతరాలకూ వచ్చే రకం చాలా అరుదు, అది సాధారణంగా 60 ఏళ్ల లోపే మొదలవుతుంది. ఏ లక్షణమూ లేని మీకు జన్యు పరీక్షలు గానీ, టౌ రక్త పరీక్ష గానీ, ఎంఆర్ఐ గానీ నేను సూచించను. ఏ ఫలితం వచ్చినా మీకు ఇచ్చే సలహా మారదు. వైద్య పత్రిక లాన్సెట్ నియమించిన నిపుణుల కమిషన్ 2024 నాటి లెక్క ప్రకారం డిమెన్షియాలో (అల్జీమర్స్‌తో సహా జ్ఞాపకశక్తిని, ఆలోచనను దెబ్బతీసే జబ్బులన్నింటిలో) దాదాపు 45 శాతం మార్చుకోగలిగిన 14 కారణాలతో ముడిపడి ఉంది. వాటిలో మీ వయసుకు వర్తించేవి బీపీ, చెడు కొలెస్ట్రాల్, మధుమేహం, బరువు, వినికిడి, వ్యాయామం. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల మీద జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, చదువు లేనివారిలోనూ ఈ తేడా కనిపించింది. భాష వల్లే అలా జరిగిందని ఆ ఒక్క అధ్యయనంతో తేల్చలేము. మీరు ఈ నెలలో చేయించుకోవలసినవి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు. నాన్నగారిని న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకెళ్లేటప్పుడు స్కాన్ ఫిల్ముతో పాటు ఆయన వాడుతున్న మాత్రలన్నింటినీ, ఎప్పుడో ఒకసారి వేసుకునేవాటితో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.